వేట సీజన్‌కు ముందు కొండల గాలింపులో నికాన్ కూల్‌పిక్స్ పి950: ఒక సమీక్ష

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్‌కో మ్యూల్ డీర్‌కో (రెండూ జింక జాతులే) ట్యాగ్, అంటే వేట అనుమతి, చేతికి వచ్చిందంటే, విల్లో రైఫిలో బయటికి తీసే రోజుకు చాలా ముందే పని మొదలవుతుంది. కొలరాడోలో ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు పెట్టి, వేసవి ఆరంభంలో లాటరీ డ్రా ఫలితం చూసుకున్నవారికి సెప్టెంబర్ విల్లు సీజన్‌కు గానీ అక్టోబర్ నడుమ మొదలయ్యే రైఫిల్ సీజన్‌కు గానీ సిద్ధం కావడానికి మిగిలేది ఒక్క వేసవి. తమ యూనిట్‌లో, అంటే ఆ అనుమతి వర్తించే వేట ప్రాంతంలో, ఏ లోయలో ఏ మందలు మేస్తున్నాయో, వాటిలో చట్టప్రకారం వేటాడదగినవి ఏవో, వాటిని చూడటానికి ఎక్కడ కూర్చోవాలో ఆ వ్యవధిలోనే తెలుసుకోవాలి. స్కౌటింగ్ అనే ఈ పనిలో పొడవైన జూమ్ ఉన్న కెమెరా ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దామని నేను నికాన్ కూల్‌పిక్స్ పి950ను కొండల్లో వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ ఒక్క పనికే పరిమితం. పక్షులను, చంద్రుణ్ణి ఇది ఎలా తీస్తుందన్న సంగతి ఇప్పటికే ఎందరో రాశారు.

తీర్పు ముందే చెప్పేస్తాను. జంతువును వెతకడానికి ఈ కెమెరా పనికిరాదు. వెతికి పట్టుకున్న జంతువు ఎలాంటిదో తేల్చుకోవడానికి, తేల్చుకున్నదాన్ని భద్రపరచుకోవడానికి మాత్రం ఈ ధరలో దీనికి సాటివచ్చేది నా చేతికి రాలేదు. దూరాన పొదల మీదుగా కొమ్ములున్న తల ఒకటి లేవగానే ఎంత అనుభవమున్న వేటగాడికైనా గుండె వేగం పెరుగుతుంది; కన్ను చూసినదానికి ఆశ కొంత జోడిస్తుంది. నాలుగు కొమ్మలు ఐదవుతాయి, మామూలు బక్ (మగ జింక) ఆ కొండకే పెద్దదవుతుంది. కెమెరాకు ఆ ఆశ లేదు. గంట తర్వాత నీడలో కూర్చుని, లేదా ఇంటికి వచ్చాక పెద్ద తెర మీద, అదే తలను తీరిగ్గా చూసుకోగలగడం దీని అసలు ప్రయోజనం. నేను కింద రాసే మంచి చెడ్డలన్నీ ఆ ప్రయోజనానికి ఎంత దగ్గరో ఎంత దూరమో అన్న కొలతతోనే చూశాను.

కెమెరా సంగతికి వస్తే, 2020 జనవరిలో ప్రకటించినప్పుడు అమెరికాలో దీని ధర 799.95 డాలర్లు. 16 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్, 83 రెట్ల ఆప్టికల్ జూమ్; పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ లెక్కలో 24 నుంచి 2000 మిల్లీమీటర్ల వరకు వెళ్తుంది. ఈ 2000 అన్న అంకె చూసి మురిసిపోయే ముందు ఒక సంగతి గమనించాలి. లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 4.3 నుంచి 357 మిల్లీమీటర్లే. సెన్సర్ చాలా చిన్నది కాబట్టి ఫలితం అంత పొడవుగా కనిపిస్తుంది. పూర్తి జూమ్‌లో రంధ్రం ఎఫ్/6.5, అంటే కాంతి ప్రవేశించే ద్వారం సుమారు 55 మిల్లీమీటర్ల వెడల్పు. మంచి స్పాటింగ్ స్కోప్ (ఒక కంటితో చూసే దూరదర్శిని) ముందు అద్దం 80 లేదా 85 మిల్లీమీటర్లు ఉంటుందని గుర్తుంచుకుంటే, దీని శక్తి ఎక్కడ ఆగుతుందో సగం అర్థమవుతుంది.

అయినా ఆ శక్తి తక్కువేమీ కాదు. పూర్తి జూమ్‌లో 1,000 గజాల దూరాన చిత్రంలో పట్టే వెడల్పు దాదాపు 16 మీటర్లు. ఆ వెడల్పు 4,608 పిక్సెళ్ల మీద పరచుకుంటుంది కాబట్టి ఒక్కో పిక్సెల్ వాటా సుమారు 3.4 మిల్లీమీటర్లు. కొలరాడోలో చాలా యూనిట్లలో మగ ఎల్క్‌ను వేటాడాలంటే ఒక కొమ్ముకు కనీసం నాలుగు పాయింట్లు (శాఖల కొసలు) ఉండాలి, లేదా నుదుటికి దగ్గరగా ముందుకు పొడుచుకొచ్చే బ్రౌ టైన్ కనీసం 5 అంగుళాల పొడవుండాలి. ఆ 5 అంగుళాలు 1,000 గజాల దగ్గర ఈ కెమెరా చిత్రంలో దాదాపు 37 పిక్సెళ్లు అవుతాయి. కాంతి స్వభావం వల్లనే 55 మిల్లీమీటర్ల ద్వారం ఆ దూరంలో సుమారు 11 మిల్లీమీటర్ల కంటే సన్నని వివరాలను విడదీసి చూపలేదు, కనుక పిక్సెళ్లన్నీ నిజమైన సమాచారమని అనుకోకూడదు. కానీ 5 అంగుళాల కొమ్మ ఉందా లేదా అన్నది తేల్చడానికి ఆ వివరం చాలు, గాలి సహకరిస్తే. ఆ గాలి గురించి తర్వాత చెబుతాను.

ఆప్టికల్ జూమ్ దాటాక కెమెరా డిజిటల్ పద్ధతిలో 166 రెట్ల వరకు, ఆపై ఇంకా ముందుకు సాగుతానంటుంది. ఆ సదుపాయాన్ని మెనూలో ఆపేయడం మంచిది. ఉన్న వివరాన్ని సాగదీయడం తప్ప అది కొత్తగా ఏమీ చూపదు, పైగా సాగిన చిత్రంలో కొమ్ము అంచులను కెమెరా తన ఊహతో సరిచేస్తుంది. మనం తప్పించుకోవాలనుకుంటున్నది సరిగ్గా ఆ ఊహనే.

వెతకడానికి పనికిరాదని ఎందుకన్నానంటే, 16 మీటర్ల కిటికీలోంచి ఒక కొండవాలునంతా గాలించడమంటే గడ్డివాములో సూదిని స్ట్రా గొట్టంలోంచి వెతకడమే. వెతుకులాట బైనాక్యులర్స్‌ది. 10 రెట్లవి గానీ, ట్రైపాడ్ మీద 15 రెట్లవి గానీ పెట్టి, వాలును పట్టీలు పట్టీలుగా విభజించుకుని, చెవి కదలికనో వెన్ను గీతనో పట్టుకోవాలి. ఆ తర్వాతే కెమెరా. బైనాక్యులర్స్‌లో కనబడిన జంతువును కెమెరాలోకి తెచ్చుకోవడం మొదట్లో విసుగు పుట్టిస్తుంది. దీనికి లెన్స్ పక్కన ఉన్న స్నాప్-బ్యాక్ జూమ్ బటన్ గొప్ప సాయం. అది నొక్కి పట్టుకున్నంతసేపు దృశ్యం వెడల్పవుతుంది, వదలగానే మునుపటి జూమ్‌కు తిరిగి వస్తుంది. జంతువు పక్కన గుర్తుపట్టగల వస్తువును, విరిగిన చెట్టునో తెల్లని బండనో, ముందే ఎంచుకుని ఆ గుర్తు దగ్గర నుంచి లోపలికి వెళ్లడం త్వరగా అలవాటవుతుంది. వెనక తెర కంటే కంటికి ఆనించుకునే వ్యూఫైండరే ఇక్కడ మేలు. ఎండలో తెర వెలవెలబోతుంది, అదీగాక ముఖానికి ఆనిన కెమెరా తక్కువ కదులుతుంది.

ఇక నేను ఎక్కువ సమయం గడిపేది, ఎక్కువ మాట్లాడదలచుకున్నది తలను అంచనా వేయడం గురించి.

మ్యూల్ డీర్ బక్ చెవులు విప్పి అప్రమత్తంగా నిలబడినప్పుడు ఒక చెవి కొస నుంచి రెండో చెవి కొసకు సుమారు 20 నుంచి 22 అంగుళాలుంటుందని వేటగాళ్లు లెక్కవేస్తారు. కొమ్ముల విస్తారం చెవులు దాటి ఎంత బయటికి ఉందో చూసి వెడల్పును అంచనా కడతారు. ఇది సజీవంగా ఉన్న కొలబద్ద; కానీ అది నిలకడగా ఉండదు. చెవులు క్షణానికోసారి తిరుగుతాయి, తల పక్కకు వాలుతుంది, ఒక కొమ్ము రెండోదాన్ని కప్పేస్తుంది. కంటితో చూస్తున్నంతసేపు మనసు ఈ భంగిమలన్నిటినీ కలిపి ఒక ఉదారమైన సగటు తీసేస్తుంది. కెమెరా చిత్రాల వరుసలో మాత్రం చెవులు రెండూ సరిగ్గా ముందుకు తిరిగిన ఆ ఒక్క ఫ్రేమ్‌ను ఏరుకోవచ్చు. ఏరుకుని, కాగితపు ముక్కను తెర మీద ఆనించి చెవుల వెడల్పు గుర్తుపెట్టి, దాన్ని కొమ్ముల మీదికి జరిపి చూడవచ్చు. ఇంత సాదాసీదా పద్ధతి కూడా కొండ మీద వేసుకున్న అంచనాను తరచుగా తగ్గిస్తుంది, పెంచడం అరుదు. పెద్ద కొమ్ముల రికార్డులు నమోదు చేసే, 1887లో స్థాపితమైన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కొలతల్లో మ్యూల్ డీర్ సాధారణ రకం కొమ్ములు శాశ్వత జాబితాకు ఎక్కాలంటే స్కోరు 190, అమెరికన్ ఎల్క్‌కు 375 రావాలి; ఆ కొలతలను కూడా కొమ్ములు 60 రోజులు ఆరాక అంగుళంలో ఎనిమిదో వంతు వరకు లెక్కించి తీస్తారు. కొండ మీద నుంచి చూసి ఆ అంకెలు చెప్పేవారి మాటను నేను పెద్దగా పట్టించుకోను. కెమెరాతో కూడా అంకె చెప్పలేం. ఇది ఈ సంవత్సరానికి వదిలేయదగిన చిన్న బక్కా, వెంటపడదగిన పెద్ద బక్కా అన్నంత వరకే చెప్పగలం, అంతవరకు చాలు కూడా.

ఎల్క్ విషయంలో ఇబ్బంది వేరు. బుల్ (మగ ఎల్క్) పక్క నుంచి కనిపించినప్పుడు పైకి లేచే పాయింట్లు లెక్కించడం తేలికే, ముఖ్యంగా అన్నిటిలోకి పొడవుగా నిలిచే నాలుగోది. కానీ బ్రౌ టైన్ ముఖం మీదుగా ముందుకు సాగుతుంది. తల వంచి మేస్తున్నప్పుడు అది గడ్డిలో కలిసిపోతుంది, తల ఎత్తి మన వైపు చూసినప్పుడు మన దిశలోకే పొడుచుకువచ్చి పొట్టిగా కనిపిస్తుంది. దాని పొడవు నిజంగా తెలిసేది తల పక్కకు తిరిగి, మూతి కొంచెం పైకి లేచిన అరక్షణంలో. అందుకని ఎల్క్‌కు నేను ఫోటోల కంటే వీడియోనే ఎక్కువ తీస్తాను. ఈ కెమెరా 4కె వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తుంది. మేత మధ్యలో బుల్ ఈగలను తోలుకోవడానికి తల విదిల్చిన చోట వీడియోను ఆపి ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ పోతే, మోచేయి వంపులా పైకి తిరిగిన బ్రౌ టైన్ కొస స్పష్టంగా బయటపడుతుంది. 4కె ఫ్రేమ్ సుమారు 8 మెగాపిక్సెళ్లది కాబట్టి ఫోటో కంటే వివరం తక్కువే. అయినా సరైన భంగిమ దొరకని పదునైన ఫోటో కంటే, సరైన భంగిమలో ఉన్న కొంచెం మెత్తని ఫ్రేమ్ విలువైనది.

అలాస్కాలో డాల్ అనే అడవి గొర్రెల వేటకు వెళ్లేవారికి ఈ అవసరం ఇంకా తీవ్రం. అక్కడ సాధారణ నిబంధన ప్రకారం పొట్టేలు కొమ్ము పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి, లేదా కొమ్ము మీది వార్షిక వలయాలను బట్టి కనీసం 8 ఏళ్ల వయసుండాలి. వలయాలు లెక్కించడమంటే నీడా వెలుగూ పడిన గరుకు ఉపరితలం మీద అసలు గాడికీ ఉత్త మడతకూ తేడా పట్టుకోవడం. ఇద్దరు మనుషులు ఒకే చిత్రాన్ని ముందు పెట్టుకుని విడివిడిగా లెక్కించి, తర్వాత పోల్చుకోగలగడం అక్కడ పెద్ద రక్షణ. స్కోప్‌లో అయితే ఒకరు లేచి ఇంకొకరు కూర్చునేలోపు పొట్టేలు వెనక్కి తిరిగిపోతుంది.

ఇప్పుడు లోపాల సంగతి. మొదటిది వెలుతురు. జంతువులు తిరిగేది తెల్లవారుజామున, సందెవేళ. కొలరాడోలో వేటకు అనుమతించే సమయమే సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. సరిగ్గా ఆ వేళల్లోనే ఈ కెమెరా బలహీనం. వెడల్పు కోణంలో ఎఫ్/2.8 ఉన్న రంధ్రం పూర్తి జూమ్‌లో ఎఫ్/6.5కు కుంచించుకుపోవడంతో సెన్సర్ మీద పడే వెలుగు ఐదో వంతుకు కూడా చాలదు. ఆ లోటు పూడ్చడానికి కెమెరా ఐఎస్‌ఓను, అంటే వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయిని, పెంచుతుంది. 800 దాటాక కొమ్ముల మీది వెల్వెట్ (పెరిగే కొమ్ములను కప్పి ఉంచే మెత్తని చర్మం), వెనక పొద, రెండూ ఒకే బూడిదరంగు ముద్దగా మారుతాయి. ఐఎస్‌ఓకు పైహద్దు పెట్టుకుని, ట్రైపాడ్ మీద నెమ్మది షట్టర్‌తో, జంతువు తల ఎత్తి కదలకుండా చూసే క్షణం కోసం కాచుకోవడమే దీనికి ఉన్న మార్గం. కెమెరా సవరణలు చేయని రా ఫైళ్లు తీసుకునే వీలుంది కాబట్టి నీడలోని తలను తర్వాత కొంత వెలికితీయవచ్చు. చీకటి ఇంకొంచెం చిక్కబడితే మంచి బైనాక్యులర్స్ ఇంకా పావుగంట చూపిస్తాయి, కెమెరా అప్పటికే చేతులెత్తేసి ఉంటుంది.

రెండోది వేడి ఆవిరి. ఎండ పడ్డ వాలు మీద నేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది, చిత్రంలోని కొమ్ములు నీటి అడుగున ఉన్నట్టు వణుకుతాయి. ఇది ఏ కెమెరా తప్పూ కాదు. లక్షల విలువైన లెన్స్ కూడా ఆ గాలి గుండానే చూడాలి. ఆగస్టులో ఉదయం ఎండ ఎక్కాక 1,000 గజాల దూరపు చిత్రాల మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. వెలుతురు చాలినంత వచ్చి, వేడి ఇంకా లేవని ఆ మధ్య వేళ ఒకటుంటుంది, సూర్యుడు ఎదుటి వాలుకు తగిలిన మొదటి గంట. ఈ కెమెరా నిజంగా వెలిగేది అప్పుడే. నీడపట్టున ఉండే ఉత్తరపు వాలుల్లో ఆ వేళ మరికాస్త సాగుతుంది. కూర్చునే చోటును ఎంచుకునేటప్పుడే దీన్ని లెక్కలోకి తీసుకుని, సూర్యుడు మన వీపు వైపు ఉండేలా చూసుకోవాలి. ఉదయం గాలి సాధారణంగా కిందికి దిగుతుంది, ఎండెక్కాక పైకి మళ్లుతుంది కాబట్టి మన వాసన లోయలోకి పోకుండా కూడా చూసుకోవాలి. రెండూ ఒకేసారి కుదరని చోట గాలికే పెద్దపీట. ఫోటో పోతే మళ్లీ తీసుకోవచ్చు గానీ, బెదిరి లోయ మారిన మంద అంత సులువుగా వెనక్కి రాదు.

మూడోది ఫోకస్. కెమెరాకూ జంతువుకూ మధ్య గడ్డిపోచలో కొమ్మలో ఉంటే ఆటోఫోకస్ వాటినే పట్టుకుని కూర్చుంటుంది. ఫోకస్ చుక్కను అతి చిన్నదిగా పెట్టుకుంటే కొంత నయం; కుదరనప్పుడు అదే దూరంలో ఉన్న బండ అంచు మీద ఫోకస్ చేసి, చేతి ఫోకస్‌కు మార్చి అక్కడే ఆపేయడం నమ్మదగిన పద్ధతి. అస్థిరతను సరిచేసే వైబ్రేషన్ రిడక్షన్ చేతిలో పట్టుకున్నప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది, కంపెనీ దీన్ని 5.5 స్టాపులుగా (ఒక్కో స్టాప్‌కు షట్టర్‌ను రెట్టింపు సేపు తెరిచి ఉంచవచ్చు) పేర్కొంటుంది. కానీ గట్టి ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు దాన్ని ఆపేయాలి, షట్టర్‌ను వేలితో నొక్కకుండా టైమర్ వాడాలి. తేలికపాటి ట్రైపాడ్ అయితే శిఖరం మీది గాలికి అదే ఊగుతుంది. కాళ్లను పొట్టిగా ఉంచి, నడిమి కడ్డీని పైకి లేపకుండా, కింద సంచీ వేలాడదీస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఇంతకంటే పొడవు కావాలనుకునేవారికి 2018లో వచ్చిన పి1000 ఉంది: 125 రెట్ల జూమ్, 3000 మిల్లీమీటర్లు, పూర్తి జూమ్‌లో ఎఫ్/8. దాని ద్వారం సుమారు 67 మిల్లీమీటర్లు కాబట్టి వివరం నిజంగానే కొంత ఎక్కువ. కానీ బరువు 1,415 గ్రాములు, పి950 బరువు 1,005 గ్రాములు. పది వేల అడుగుల ఎత్తున నీళ్లు, బైనాక్యులర్స్, ట్రైపాడ్ మోస్తున్న వీపుకు ఆ 400 గ్రాముల అర్థం బాగా తెలుసు. పైగా వేడి ఆవిరి 2000 దగ్గరే అడ్డుపడుతున్న వేళ 3000 వల్ల ఒరిగేది తక్కువ. రోడ్డు పక్క నుంచీ, బండి కిటికీ మీద ఆనించీ స్కౌటింగ్ చేసేవారు పి1000 తీసుకోవచ్చు. నడిచేవారికి పి950 చాలు.

స్పాటింగ్ స్కోప్‌కు ఫోన్ బిగించి తీసే పద్ధతితో పోలిక తప్పదు. మంచి స్కోప్ ఉన్నవారికి అడాప్టర్ ఖర్చు స్వల్పం, ద్వారం పెద్దది, చీకట్లో చూపు మెరుగు. ఫోన్ అయితే తీసిన క్షణం, స్థలం రెండూ చిత్రంలోనే నమోదు చేస్తుంది. అయితే ఫోన్‌ను కంటి అద్దానికి సరిగ్గా కుదిర్చి, నల్లని అంచులు పోయేలా జరిపి, ఫోకస్ చూసుకునేలోపు బక్ గట్టు దాటేసే సందర్భాలు చాలా ఉంటాయి. సంచీలోంచి తీసిన కెమెరా కొద్ది సెకన్లలో సిద్ధమవుతుంది. 80 మిల్లీమీటర్ల తరగతి స్కోప్ కంటి అద్దంతో కలిపి చాలావరకు ఒకటిన్నర కిలోలకు పైనే తూగుతుంది, అందులో మేలైనవాటి ధర ఈ కెమెరాకు కొన్ని రెట్లు. ఇప్పటికే మంచి స్కోప్ ఉన్నవారు అడాప్టర్‌తో మొదలుపెట్టడమే తెలివి. ఏదీ లేనివారు, మంచి బైనాక్యులర్స్ కొన్నాక మిగిలిన డబ్బుతో స్కోప్ కొనాలా కెమెరా కొనాలా అని తర్జనభర్జన పడుతుంటే, నేను కెమెరా వైపే మొగ్గుతాను.

చెట్టుకు కట్టి వదిలేసే ట్రయల్ కెమెరా సంగతి వేరు, ఇక్కడ చట్టం కూడా అడ్డుతగులుతుంది. అరిజోనాలో 2022 జనవరి 1 నుంచి వేటకు సాయంగా ట్రయల్ కెమెరాలు వాడటం నిషేధం. యూటాలో ప్రభుత్వ భూముల మీద జూలై 31 నుంచి డిసెంబర్ 31 వరకు, నెవాడాలో ప్రభుత్వ భూముల మీద ఆగస్టు 1 నుంచి డిసెంబర్ 31 వరకు వాటికి అడ్డుకట్ట ఉంది. ఎండిన నేలల్లో ఉన్న కొద్దిపాటి నీటి గుంటల చుట్టూ పదుల కొద్దీ కెమెరాలు మొలవడం, వాటిని చూసుకోవడానికి మనుషుల రాకపోకలు జంతువులను నీటికి దూరం చేయడం ఈ నిబంధనల వెనక ఉన్న ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. డ్రోన్‌తో వెతకడం కొలరాడోలో చట్టవిరుద్ధం. చేతిలో పట్టుకుని, మనిషి స్వయంగా కూర్చుని తీసే కెమెరాకు ఈ చిక్కులు లేవు. నిబంధనలు ఏటా మారుతుంటాయి కనుక ఆ ఏటి నియమ పుస్తకాన్ని చదువుకునే వెళ్లాలి. నా మట్టుకు నాకు చట్టం సంగతి పక్కన పెట్టినా, జంతువుతో పాటు అదే చలిలో కూర్చుని సంపాదించిన చిత్రమే ఎక్కువ చెబుతుంది. అది ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఎందుకు ఆగిందో, ఏ దారిన తిరిగి అడవిలోకి వెళ్లిందో ట్రయల్ కెమెరా చూపదు.

చిత్రాలను భద్రపరచడంలో పి950కు ఒక లోటుంది. 2015 నాటి పి900లో ఉన్న జీపీఎస్‌ను దీనిలోంచి తీసేశారు. ఫోన్‌లో స్నాప్‌బ్రిడ్జ్ యాప్‌తో జతచేస్తే స్థలం వివరం చేరుతుంది గానీ, బ్యాటరీ పొదుపు చేసుకోవలసిన కొండల్లో అది ఎల్లప్పుడూ సాధ్యపడదు. నేను పాటించే పద్ధతి సులువు. కెమెరా గడియారాన్ని ఫోన్ గడియారంతో సరిచూసుకుని, కూర్చున్న ప్రతి చోటా ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటాను. జంతువు చిత్రం తీశాక జూమ్ వెనక్కి తెచ్చి, అది నిలబడిన వాలు మొత్తం కనిపించేలా ఇంకో చిత్రం తీస్తాను. ఆ రెండో చిత్రం లేకపోతే నెల తర్వాత మొదటిది ఏ లోయదో తెలియదు. చిత్రాలను మిత్రులకు పంపేటప్పుడు మాత్రం అదే వెడల్పు చిత్రం ప్రమాదం. స్థలం వివరాలు తొలగించినా, వెనక కనబడే శిఖరాల గీతను బట్టి చోటును పట్టేసేవారు వేటగాళ్లలో తక్కువేమీ లేరు.

వేసవి చిత్రం చెప్పని సంగతి కూడా ఒకటుంది. జూలై, ఆగస్టు నెలల్లో వెల్వెట్‌లో ఉన్న బక్‌లు గుంపులుగా చెట్లు పెరగని ఎత్తైన మైదానాల్లో, బహిరంగంగా మేస్తాయి. కెమెరాకు అది పండుగ. ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో వెల్వెట్ రాలిపోయాక అవే బక్‌లు గుంపు విడిచి చెట్ల చాటుకు చేరతాయి. సెప్టెంబర్ నడుమ నుంచి జతకట్టే కాలం మొదలవడంతో ఎల్క్ బుల్‌లు ఆడవాటిని వెతుక్కుంటూ వేసవి చోట్లు వదిలేస్తాయి. అందువల్ల జూలై చిత్రం ఆ జంతువు ఉన్నదనీ ఎలాంటిదనీ చెబుతుంది గానీ అక్టోబర్‌లో అక్కడే ఉంటుందని చెప్పదు. జూలైలో కొమ్ములు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, పైగా వెల్వెట్ వాటిని అసలు కంటే లావుగా చూపిస్తుంది. ఒకే జంతువును వేర్వేరు నెలల్లో తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి, చెవి చీలికనో కొమ్ము వంకరనో చూసి గుర్తుపట్టడం, అది ఎటు జరుగుతోందో మ్యాప్ మీద గీత గీసుకోవడం ఈ కెమెరాతో చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి.

చిన్నచిన్న విషయాలు కొన్ని మిగిలాయి. బ్యాటరీ ఒక్క చార్జింగ్‌కు సుమారు 290 ఫోటోలు ఇస్తుందని కంపెనీ లెక్క. వీడియోలు ఎక్కువ తీసేవారికీ చలి ఉదయాలకూ అది చాలదు, అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోవాలి. కెమెరాలోనే యూఎస్‌బీతో చార్జ్ అవుతుంది కాబట్టి గుడారంలో పవర్ బ్యాంక్ సరిపోతుంది, తీగ మాత్రం పాత మైక్రో యూఎస్‌బీ రకం. వానకూ దుమ్ముకూ తట్టుకునే కట్టడి దీనికి లేదు. రాకీ పర్వతాల్లో వేసవి మధ్యాహ్నం దాదాపు రోజూ కురిసే జల్లులను దృష్టిలో పెట్టుకుని నీరు చొరని సంచీ దగ్గరుంచుకోవాలి. తెర బయటికి తిరుగుతుంది గానీ టచ్ పనిచేయదు. చేతి తొడుగులతో ఉన్నప్పుడు అది లోటుగా అనిపించదు.

కొన్నాక నేరుగా యూనిట్‌కు వెళ్లకుండా, యెల్లోస్టోన్ లాంటి వేట నిషిద్ధమైన జాతీయ పార్కులో సాధన చేసి రావడం మేలు. అక్కడ ఎల్క్ మనుషులకు అలవాటుపడి ఉంటుంది. ఎల్క్‌కు, బైసన్‌కు కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు కనీసం 100 గజాలు దూరం పాటించాలన్నది పార్కు నియమం. మన సాధనకు ఎలాగూ దానికి పదింతల దూరమే కావాలి. 300 గజాల నుంచి మొదలుపెట్టి 600కు, 1,000కి జరుగుతూ, అదే బుల్ బ్రౌ టైన్‌ను ఉదయం, మధ్యాహ్నం, సందెవేళ తీసి చూసుకుంటే, ఏ దూరం దాటాక, ఏ వేళ దాటాక ఈ కెమెరా చిత్రాన్ని నమ్మకూడదో ఎవరికి వారికే తెలుస్తుంది. రెండు మెమరీ కార్డులు, తీగతో పనిచేసే షట్టర్ రిమోట్ ఒకటి, 67 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఒకటి కెమెరాతో పాటే కొనుక్కోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు పూర్తి జూమ్ వరకు లెన్స్‌ను పలుమార్లు నడిపి, సాగిన గొట్టం వదులుగా ఊగుతోందేమో, లోపల దుమ్ము చేరిందేమో చూసుకుని గానీ డబ్బు ఇవ్వకూడదు.